మాగిన కాలము, మారిన గుణము: సోయా చిక్కుడు వంటకముల చరిత్ర

ఆహారపదార్థముల చరిత్ర వ్రాయువారు పంట యెక్కడ పుట్టినది, ఎవరు తెచ్చిరి, ఏ రాజుల కాలమున వ్యాపించినది అను విషయములను విపులముగ చర్చింతురు. ఆ పదార్థము తినుటకు యోగ్యమగుటకు ఎంతకాలము పట్టునను విషయమును మాత్రము తరచుగ విడిచిపెట్టుదురు. సోయా చిక్కుడు చరిత్రలో ఈ కాలమే ప్రధానము. ఒకే గింజ ఒక దినము పులిసిన ఒక ఆహారము, రెండు సంవత్సరములు మాగిన వేరొక ఆహారము అగుచున్నది. వాని రుచి వేరు, రంగు వేరు, శరీరమునకు చేయు మేలు వేరు, కీడును వేరు.

నేను వైద్యుడను గాను, రసాయనశాస్త్రజ్ఞుడను గాను. మెట్రిక్యులేషన్ వరకు చదివి, జీవితమంతయు కచేరీ కాగితముల నడుమ గడపి విశ్రాంతి పొందిన గుమాస్తాను. గుమాస్తా యే కాగితమునైనను చేతికి తీసికొనగనే ముందుగ చూచునది దానిమీది తేదీ. ఆ అలవాటుతోడనే ఈ గింజ చరిత్రను చదివితిని. చదువగా తేలిన విషయమును పాఠకమహాశయులకు విన్నవించుచున్నాను.

గింజ స్వభావము

సోయా చిక్కుడు గింజలో నూటికి సుమారు 35 మొదలు 40 పాళ్లు మాంసకృత్తులును, 20 పాళ్లు నూనెయు కలవు. మన కందులలోను పెసలలోను మాంసకృత్తులు నూటికి 20 మొదలు 25 పాళ్లకు మించవు. ఇంత బలముగల గింజయైనను, పచ్చిగా తిన్నచో ఒంటబట్టదు. 1917లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆస్బోర్న్, మెండెల్ అనువారు ఎలుకలకు పచ్చి సోయాపిండి పెట్టగా అవి సరిగ పెరుగలేదనియు, ఉడికించి పెట్టగా చక్కగ పెరిగినవనియు కనుగొనిరి. మాంసకృత్తులను జీర్ణము చేయు ట్రిప్సిన్ అను రసమును అడ్డగించు పదార్థ మొకటి ఆ గింజలో నున్నదని తరువాత తెలిసెను.

ఈ గింజలోని దోషములు మూడు. మొదటిది పైన చెప్పిన అడ్డంకి. ఇది ఉడికించుటచే చాలవరకు నశించును. రెండవది కడుపుబ్బరము కలిగించు స్టాకియోస్, రాఫినోస్ అను చక్కెరలు. ఇవి నానబెట్టిన నీటితో కొంతయు, పులియుటచే మరికొంతయు పోవును. మూడవది ఫైటిక్ ఆమ్లము; ఇది ఇనుమును, జింకును పట్టియుంచి శరీరమునకు అందనీయదు. దీనిని తగ్గించుటకు సూక్ష్మజీవుల సాయము కావలెను. ఆ సూక్ష్మజీవులకు కాలము కావలెను. కాబట్టి నిప్పు చేయు పనిని కాలము చేయజాలదు. కాలము చేయు పనిని నిప్పు చేయజాలదు. తూర్పు ఆసియా ప్రజలు ఈ రెండింటిని వరుసగ ఉపయోగించిరి. ముందు ఉడికించిరి, పిమ్మట పులియబెట్టిరి.

చైనా దేశమున ఆరంభము

1972లో చైనాలోని చాంగ్షా నగరమునొద్ద మవాంగ్దుయి అనుచోట హాన్ రాజవంశ కాలపు సమాధిని త్రవ్వగా, క్రీస్తునకు పూర్వము సుమారు 165 ప్రాంతమున మరణించిన ఒక ప్రభుకుటుంబపు స్త్రీ కళేబరముతో కూడ పాత్రలలో నింపిన ఆహారములు బయటపడెను. వానిలో నల్లగ మాగిన సోయా గింజలు కలవు. చైనీయులు దీనిని దౌచీ అందురు. అనగా రెండువేల సంవత్సరములకు పూర్వమే ఈ విద్య అక్కడ పరిపక్వమై యుండెను.

క్రీ. శ. 6వ శతాబ్దమున జియా సిషియె అను అధికారి రచించిన 'ఛిమిన్ యావోషు' అను వ్యవసాయగ్రంథమున దౌచీ చేయు విధానము సవిస్తరముగ నున్నది. ఉడికిన గింజలను వెచ్చని గదిలో రాశిగ పోసి, వేడి పెరిగినకొలది త్రిప్పుచుండవలెను. రాశిలోని వెచ్చదనము మనుష్యుని చంకలోని వెచ్చదనము వలె నుండవలెనట! ఉష్ణమాపకయంత్రము లేని కాలమున ఇంతకన్న చక్కని కొలత యేమి కలదు? ఈ పదార్థము చక్కగ కుదురుట కష్టము, చెడుట సులభము. కావున జాగ్రత్తగల మనిషి దినమునకు రెండుమార్లు చూచుచుండవలెనని కూడ ఆయన హెచ్చరించెను. కాలమును కనిపెట్టియుండుటయే ఈ విద్యకు మూలమని దీనివలన స్పష్టమగుచున్నది.

ఈ విద్య కొరియాకు, జపానునకు వ్యాపించెను. క్రీ. శ. 683లో కొరియా దేశమున సిల్లా రాజగు సిన్మున్ వివాహసమయమున పంపిన కానుకలలో మాగిన సోయా పదార్థములు ఉన్నట్లు 'సంగుక్ సాగి' అను చరిత్రగ్రంథము చెప్పుచున్నది. జపానులో 701 నాటి తైహో శాసనముల క్రింద రాజాస్థానమున ఇట్టి మాగుడు పదార్థముల నిర్వహణకు ప్రత్యేకముగ ఒక శాఖయే యుండెను. అక్కడను ఒక గుమాస్తా కూర్చుండి జాడీల తేదీలను లెక్క వ్రాసికొనియుండునని తలచిన నాకు సంతోషము కలుగుచున్నది.

దినములలో ముగియునవి

ఈ ఆహారములను కాలమునుబట్టి రెండు తెగలుగ విభజింపవచ్చును. ఉప్పు లేనివి దినములలో ముగియును. ఉప్పు గలవి నెలలు, సంవత్సరములు మాగును. ఉప్పు లేనిచో సూక్ష్మజీవులు వేగముగ పనిచేయును. ఆపవలసిన వేళకు ఆపకున్నచో కుళ్లు పట్టును. ఉప్పున్నచో వాని వేగము తగ్గును, కుళ్లు చేరదు. మన యింట ఇడ్లీపిండి ఒక రాత్రిలో పులియుటకును, ఆవకాయ వారములతరబడి ఊరుటకును గల భేదము ఇట్టిదే. మన భాషలో పులియుట, ఊరుట, మాగుట అను మూడు వేర్వేరు క్రియలుండుట ఊరక జరిగినది కాదు.

జపానువారి నత్తో మొదటి తెగలోనిది. ఉడికిన గింజలను పూర్వము వరిగడ్డిలో చుట్టి వెచ్చగ నుంచెడివారు. గడ్డిలోనుండు బాసిల్లస్ అను సూక్ష్మజీవి సుమారు 40 డిగ్రీల వేడిలో ఒక దినము లోపల గింజలకు జిగురుతీగలు పట్టించును. తరువాత చల్లనిచోట ఒకటి రెండు దినము లుంచుదురు. అంతకు మించి వెచ్చదనమున ఉంచినచో అమ్మోనియా కంపు కొట్టును. ఆ ఒక్క దినములోనే ఆ జీవి విటమిన్ కె2 ను సమృద్ధిగ తయారుచేయును. ఎముకలకును, రక్తము గడ్డకట్టుటకును ఈ విటమిను అవసరము. 1987లో సుమి అను జపాను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును నత్తోలో రక్తపుగడ్డలలోని ఫైబ్రిన్ అను పదార్థమును కరిగించు ఎంజైమును గూర్చి ప్రకటించి, దానికి నత్తోకైనేస్ అని పేరిడిరి. కాని రక్తము పలుచబడుటకు వార్ఫారిన్ మాత్రలు వాడువారు నత్తో తినరాదు. అందలి విటమిన్ కె ఆ మందు పనిని చెఱచును. ఒకరికి మేలైనది మరియొకరికి ప్రమాదకర మగుట కిది చక్కని నిదర్శనము.

జావా ద్వీపవాసుల తెంపే మరియొకటి. పొట్టు తీసి ఉడికించిన గింజలపై రైజోపస్ అను బూజును చల్లి ఆకులలో చుట్టగా, 24 మొదలు 48 గంటలలో తెల్లని బూజు అల్లుకొని గింజలు అచ్చు వలె గట్టిపడును. 1815 ప్రాంతమున రచింపబడిన 'సెరత్ చెంతిని' అను జావా కావ్యమున దీని ప్రస్తావన కలదు. 1895లో డచ్చి శాస్త్రజ్ఞుడు ప్రిన్సెన్ గీర్లిగ్స్ ఈ బూజును గుర్తించెను. రెండవ ప్రపంచయుద్ధమున జపానువారి నిర్బంధశిబిరములలో విరేచనములతో బాధపడు ఖైదీలు ఉడికిన సోయాను జీర్ణము చేసికొనలేక, తెంపేను మాత్రము సహింపగలిగిరని, వాన్ వీన్, షేఫర్ అను శాస్త్రజ్ఞులు 1950లో ప్రకటించిన పరిశోధన నుండి తెలియుచున్నది. ఆకలితో నున్నవారికి గింజల సంచి యొకటే చాలదు. రెండు దినముల ఓపికయు కావలెనన్నమాట.

తెంపే మాగునప్పుడు ఫైటిక్ ఆమ్లము సుమారు మూడవవంతు తగ్గునని 1977లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. రైబోఫ్లేవిన్, నియాసిన్ అను బి విటమినులు పెరుగును. థయమిన్ మాత్రము తగ్గును. శాకాహారులకు దుర్లభమగు బి12 తెంపేలో కొన్నిమార్లు కనబడుట కలదు. కాని 1977లోనే దాని రహస్యము బయటపడెను. దానిని చేయునది బూజు కాదు, బూజుతో కలసివచ్చు వేరొక బాక్టీరియా. శుభ్రమైన బూజు మాత్రమే వాడినచోట బి12 ఉండదు. కావున ఎంతసేపు పులిసినను, పనిచేయు జీవి లేనిచో ఫలము లేదు. రెండు దినములు దాటి వాసన పట్టిన తెంపేను జావావారు పారవేయరు; కారపు పులుసులలో రుచికై కొద్దిగ వేసికొందురు. అప్పు డది ఆహారము కాదు, సంబారము.

మన దేశపు ఈశాన్యమునను ఈ తెగ ఆహారములు కలవు. సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతముల కినెమా, మణిపురమున హవాయిజార్, మేఘాలయమున తుంగ్రింబాయి, నాగాలాండున అఖోని అట్టివి. ఇవి ఆకులలో చుట్టి వెచ్చగ నుంచి కొద్ది దినములు పులియబెట్టునవే. వీని యోగ్యతను మనము జపాను నుండి తెలిసికొనవలసిన పనిలేదు.

ఏండ్లతరబడి మాగునవి

రెండవ తెగకు మిసో ప్రధానము. ముందుగ బియ్యము, యవలు లేక సోయాగింజలపై కోజి అను బూజును సుమారు రెండు దినములు పెంచుదురు. దానిని ఉడికిన సోయాగింజలతోను ఉప్పుతోను కలిపి తొట్లలో అదుముదురు. కియోటో నగరపు తెల్లని మిసోలో బియ్యపు కోజి యెక్కువ, ఉప్పు నూటికి సుమారు 5 పాళ్లు; కొద్ది వారములలో సిద్ధమగును, తియ్యగ నుండును. సెందాయి ప్రాంతపు ఎఱ్ఱ మిసోలో ఉప్పు 12 పాళ్లు వరకుండును. ఆరుమాసములు మొదలు సంవత్సరము పట్టును.

వీనన్నిటిలో ఓర్పునకు మేరువు వంటిది హాచ్చో మిసో. తొకుగవా ఇయెయాసు జన్మించిన ఒకజాకి కోటకు పడమట ఎనిమిది 'చో'ల దూరమున నున్న గ్రామమునుబట్టి దాని కా పేరు కలిగెను. అక్కడ ఆరు టన్నులు పట్టు దేవదారు తొట్లలో సోయాగింజలను, ఉప్పును మాత్రమే చేర్చి, పైన మూడు టన్నుల నదీశిలలను గోపురము వలె పేర్చి, రెండు వేసవులు, రెండు శీతకాలములు గడువనిత్తురు. వేసవిలో సూక్ష్మజీవులు విజృంభించును, చలిలో నెమ్మదించును. ఆ యెండకును చలికిని నడుమ ముద్ద నల్లబడి గట్టిపడును.

ఈ దీర్ఘకాలమున లోపల జరుగునదేమి? కోజి ఎంజైములు మాంసకృత్తులను చిన్నచిన్న తునకలుగను, అమినో ఆమ్లములుగను విడగొట్టును. 1908లో ఇకెదా అను జపాను ఆచార్యుడు సముద్రపునాచు రసమునుండి గుర్తించిన గ్లుటామిక్ ఆమ్లపు రుచి యిక్కడను పుట్టును. సోయాలోని ఐసోఫ్లేవోనులు చక్కెరతో జతపడి యుండును. పులియునప్పుడు ఆ జత విడిపోవును. విడిన రూపము శరీరమున త్వరగను ఎక్కువగను ప్రవేశించునని 2000లో జపానువారు ప్రకటించిరి. అంత భేదము లేదని చెప్పిన పరిశోధకులును కలరు. ముద్ద నల్లబడుటకు కారణము చక్కెరలును అమినో ఆమ్లములును కలసి పుట్టు మెలనాయిడిన్ అను పదార్థములు. ఇవి ఆక్సీకరణమును అడ్డగించును. కాని ఆ కలయికలో లైసిన్ అను మేలైన అమినో ఆమ్లము కొంత ఖర్చగును. ఉచితముగ వచ్చు లాభమేదియు లేదు.

పరిశోధకుల సాక్ష్యము

ఎక్కువకాలము మాగిన దానికి ఎక్కువ గుణమున్నదా అని ప్రయోగపూర్వకముగ చూచినవారు కలరు. నాగసాకిపై 1945లో అణుబాంబు పడినప్పుడు, ఆ నగరమున ఆసుపత్రి నడుపుచుండిన అకిజుకి అను వైద్యుడు తానును, తన సిబ్బందియు నిలిచి యుండుటకు నిత్యము త్రాగిన మిసో చారే కారణమని విశ్వసించెను. అది ఆయన విశ్వాసమే కాని నిరూపణము కాదు. తరువాతి కాలమున హిరోషిమా విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొద్దికాలము, మధ్యకాలము, దీర్ఘకాలము మాగిన మూడు మిసోలను ఎలుకలకు మేతలో కలిపి పెట్టి, పిదప ఎక్స్ కిరణములు సోకించి చూచిరి. దీర్ఘకాలము మాగిన మిసో తిన్న ఎలుకల ప్రేగులలోని కణములు ఎక్కువగ బ్రతికినవని 2001లో ప్రకటించిరి.

కొరియా పరిశోధకులు 2006లో ఇట్టిదే మరియొకటి వెల్లడించిరి. దోయెన్‌జాంగ్ అను కొరియా సోయాముద్దను 3 మాసములు, 6 మాసములు, 24 మాసములు మాగినవిగ మూడు విధములు తీసికొని ఎలుకలపై పరీక్షింపగా, కంతులను అణచు శక్తి 24 మాసముల దానికి అధికముగ కనబడెను. ఈ రెండును ఎలుకల మాటలే. వానినిబట్టి మనుష్యునికి ఔషధమని ప్రకటించుట సాహసము.

మనుష్యుల విషయమున ఒక పెద్ద పరిశీలనము కలదు. జపానులో 45 మొదలు 74 సంవత్సరముల వయసు గల 92,915 మందిని సుమారు 15 సంవత్సరములు గమనించి, 2020లో ఫలితము ప్రకటించిరి. పులియబెట్టిన సోయా పదార్థములు ఎక్కువగ తిన్నవారిలో మరణములు, తక్కువగ తిన్నవారికన్న నూటికి సుమారు పది పాళ్లు తక్కువగ నుండెను. పులిసినది, పులియనిది అను భేదము లేక మొత్తము సోయాను లెక్కించినప్పుడు అట్టి స్పష్టమైన సంబంధము కనబడలేదు. ఇట్టి పరిశీలనము కార్యకారణసంబంధమును నిరూపింపదని ఆ పరిశోధకులే చెప్పిరి. అయినను పులియుటకు ఏదో విలువ యున్నదని సూచించుటకు ఇది చాలును.

కాలముతో పెరుగునవి గుణములే కావు. చిరకాలము మాగిన సోయా పదార్థములలో టైరమిన్, హిస్టమిన్ వంటివి చేరవచ్చును. మానసికవ్యాధులకు కొన్నిరకముల మాత్రలు వాడువారికి టైరమిన్ ప్రమాదకరము. దీర్ఘకాలపు మాగుడునకు ఉప్పు తప్పదు. రక్తపుపోటు గలవా రా ఉప్పును లెక్కింపక తప్పదు.

త్వరపడిన కాలము

కాలమును తగ్గింపవలెనను కోరిక పారిశ్రామికయుగమున పుట్టెను. షోయు అను సోయారసము సహజముగ సిద్ధమగుటకు ఆరుమాసములు మొదలు సంవత్సరము పైగా పట్టును. హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో సోయాపిండిని కాచినచో అట్టి రసమే కొద్ది దినములలో వచ్చును. యుద్ధానంతరము అమెరికా సేనల అధికారము క్రింద జపానులో సోయాకు కరవు ఏర్పడినప్పుడు, సంవత్సరము పట్టు పద్ధతి గింజలను వృథాచేయుననియు, రసాయనపద్ధతియే మేలనియు అధికారులు తలచిరి. పరంపరాగతమైన విద్య అంతరించు స్థితి యేర్పడెను. 1948లో కిక్కోమన్ సంస్థవారు రెండు పద్ధతులను కలిపిన మధ్యమార్గమును కనిపెట్టి, దానిని తమకే దాచుకొనక తక్కిన తయారీదారులకును ఇచ్చిరి. ఆ విధముగ గండము గడచెను. నేడు జపానులో తయారగు షోయులో అధికభాగము మరల సహజముగ మాగినదే.

త్వరకు చెల్లించిన మూల్యము 1970ల చివర తెలిసెను. ఆమ్లముతో చేసిన రసములలో 3-ఎంసీపీడీ అను హానికరపదార్థము చేరునని చెకొస్లొవేకియా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తరువాత ఐరోపాదేశములవారు సోయారసములో దానికి కిలోగ్రామునకు 20 మైక్రోగ్రాములు అను పరిమితి విధించిరి. కాలము చేయు పనిని ఆమ్లముచే చేయించినప్పుడు కాలము చేయని కీడొకటి వెంట వచ్చెను.

మనకు సంబంధించిన మాట

ఈ చరిత్ర దూరదేశములది. మనకేమి అని పాఠకులు అడుగవచ్చును. 1935లో గాంధీమహాత్ముడు 'హరిజన' పత్రికలో సోయా చిక్కుడును గూర్చి వ్రాసి, వార్ధాలోని మగన్‌వాడిలో దానిని వండించి తినిపించి చూచెను. నేడు మరాఠ్వాడా, విదర్భ మండలములలోను, తెలంగాణములోని ఆదిలాబాదు ప్రాంతమునను ఇది ముఖ్యమైన పంట. అయినను ఈ ప్రాంతములలో గింజ నూనెగిర్నీలకు పోవుచున్నది. మన యిండ్లకు వచ్చునది నూనె తీసిన పిండితో చేసిన మీల్‌మేకర్. అందు మాంసకృత్తులు పుష్కలము. కాని అది పులిసినది కాదు. పులిసిన సోయాను గూర్చి చెప్పిన గుణములను దానికి అంటగట్టి అమ్మువారి మాట నమ్మరాదు.

మరియొక సంబంధము కలదు. తెంపేను పరిశోధించిన వాన్ వీన్, స్టైన్‌క్రాస్ అనువారే అమెరికాలో తమ తోటివారితో కలసి 1965లో మన ఇడ్లీపిండి పొంగుటకు కారణము లూకొనొస్టాక్ అను బాక్టీరియా యని ప్రకటించిరి. అది మినపపప్పుతోను బియ్యముతోను వచ్చును. ఎవరును బయటినుండి చేర్చనక్కరలేదు. దానికి కావలసినది వెచ్చదనము, తగిన కాలము. మన తల్లులు ఈ రెండింటిని గడియారము లేకయే గుర్తించిరి.

మనము స్వస్థలములను విడిచి తరములు గడచినవి. బెంగుళూరు చలిలో పిండి పులియుటకు పట్టు వేళ వేరు. యానాము వేసవిలో పట్టు వేళ వేరు. షోలాపురమునను బరంపురమునను మన యిల్లాండ్రు స్థలమునుబట్టి ఆ వేళలను దిద్దుకొనిరి. ఎన్నిగంటలు నానవలెను, ఎప్పుడు ఉప్పు వేయవలెను, తరవాణి కుండ ఎన్ని దినములు నిలువయుండును, ఆవకాయ ఎన్నవనాడు తిరగకలుపవలెను అను విషయములు ఏ గ్రంథమునందును లేవు. వారి నోటనే యున్నవి. చైనావా రా విద్యను ఆరవ శతాబ్దమునందే వ్రాసియుంచిరి. కొరియావారి మాగుడు విద్యను 2024లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగ గుర్తించెను. మనము ఒక నోటుపుస్తకమునందైనను వ్రాసికొనలేదు.

కాబట్టి రెండు మనవులు. మొదటిది, సోయాయైనను మరియేదియైనను పులిసిన ఆహారమును కొనునప్పుడు ఎన్ని దినములు మాగినది, ఎంత ఉప్పున్నది, తినువారు ఏ మందులు వాడుచున్నారు అను మూడింటిని విచారింపుడు. సందేహమున్నచో వైద్యుని అడుగుడు. రెండవది, ఇంటిలోని పెద్దయిల్లాలు తన పిండికిని, ఊరగాయకును పాటించు వేళలను, ఊరి పేరును ఋతువును చేర్చి, ఈ సంవత్సరమే తెలుగులో వ్రాయించి ఉంచుడు. క్రింద తేదీ వేయుట మఱవకుడు.